సర్పకేశి మూతి వంకర

నేను ఒక తలని. మొండెం లేదు. ఎవరో నరికారని కాదు, మొదటినుంచీ లేదు. నెత్తిన జుట్టుకు బదులు ఇరవై ఒక్క పాములతో పుట్టాను. ఎలుకలు తినగా తొమ్మిది మిగిలాయి. నన్ను చూసినవాడు అక్కడికక్కడే రాయి అయిపోతాడని నాకు పేరు. సినిమాలో పదకొండు మందిని అలా చేశాను. నిజానికి నేను ఇంతవరకు ఒక్కరినీ చూడలేదు. నా కళ్లు మూసి ఉన్నాయి. మూసిన రెప్పల మీద లప్పం పెట్టి, గుడ్లు ఉబ్బించి, ఎర్ర రంగు పూశారు. జనం దడుచుకున్నది ఆ రంగుకు.

కాబట్టి నేను చెప్పేదంతా విన్నది, లేదా ఒంటికి తగిలింది. కళ్లున్నవాళ్లు చెప్పే సాక్ష్యాలు చాలా విన్నాను. నాది వాటికన్నా అధ్వాన్నంగా ఉండదు.

నన్ను చేసినవాడు లింగాచారి. పల్నాడులో దుర్గి ఆయన ఊరు. అక్కడ రాయి చెక్కే కుటుంబాలు ఉన్నాయి. ఊరి బడిలో ఐదో తరగతి, ఆ తర్వాత తండ్రి చేతికింద ఉలి, అదీ చదువు. ఇరవై ఐదేళ్ల వయసులో రాతిపని దొరక్క మద్రాసు వెళ్లి ఒక స్టూడియోలో ప్లాస్టర్ పనికి కుదిరాడు. రాతిని లొంగదీసినవాడికి ప్లాస్టర్ అంటే చులకన. "పిండి పిసికే పని" అనేవాడు. అయినా ఆయన పిసికిన పిండిలో సింహాసనాలు, ఏనుగు తలలు, స్వర్గద్వారాలు వచ్చాయి.

1975లో శేషగిరిరావు అనే దర్శకుడికి ఒక గ్రీకు పురాణకథ దొరికింది. రెక్కల గుర్రం, సముద్రంలోంచి లేచే భూతం, ఆ భూతానికి బలి కావలసిన రాకుమారి, పాముల జుట్టున్న ఆడది. రాకుమారుడు వెళ్లి ఆ పాముల జుట్టుదాని తల నరికి తెస్తాడు. తెగిన తలను సముద్రభూతానికి చూపిస్తాడు. భూతం రాయి అవుతుంది, రాకుమారి బతుకుతుంది. గ్రీకు పేర్లు నోరు తిరగవని శేషగిరిరావు అందరికీ మన పేర్లు పెట్టాడు. నా పేరు సర్పకేశి. సినిమాకూ అదే పేరు పెట్టారు.

పాముల జుట్టుదాని వేషం ఒక పెద్ద నటిది. తెగిన తల కూడా ఆమె మొహంలాగే ఉండాలి కదా అని, మొహం మీద ప్లాస్టర్ పోసి అచ్చు తీస్తామని చెప్పారు. అంతకుముందు ఏదో సినిమాకు అలా తీసినప్పుడు ఆమె కనుబొమ్మ సగం ఊడి వచ్చిందట. "కావాలంటే సినిమా మానేస్తాను గానీ మొహం ఇవ్వను" అంది. షూటింగుకు నాలుగు రోజులుంది. రంగు పూసి పాములు పెట్టాక ఎవరి మొహమో ఎవరికి తెలుస్తుందిలే, ఎవరిదైనా తీసుకు రమ్మన్నాడు శేషగిరిరావు.

లింగాచారి ప్లాస్టర్ మూట భుజాన వేసుకుని ఇంటికి వెళ్లాడు. సాలిగ్రామంలో ఒక గది ఇల్లు. పెళ్లై రెండేళ్లు. భార్య మాణిక్యాంబ, సొంత మేనమామ కూతురు. పొయ్యి మీద పప్పు పెట్టి, చేటలో బియ్యం ఏరుతోంది.

"కాసేపు పడుకో, మాణిక్యం."

"పట్టపగలు పడకేంది, బావా? వంట్లో బాలేదా?"

"మొహం అచ్చు తియ్యాలి. సినిమాకి."

"నా మొహమా? సినిమాలో అంతమంది ఉన్నారుగా, వాళ్లకి మొహాలు లేవా?"

"దేవత తల. నీ మొహమైతే కుదురుద్ది."

ఆమె చేట పక్కన పెట్టింది. "దేవతంటన్నావు కాబట్టి పడుకుంటన్నా. పప్పు మాడితే పూచీ నీదే."

ఇదంతా నాకెలా తెలుసంటే, లింగాచారి చాలా ఏళ్ల తర్వాత ఒకరికి చెబుతుంటే విన్నాను. ఆ తర్వాతి సంగతి మాత్రం నా సొంతం. ఎందుకంటే అప్పటికే నేను మొదలయ్యాను. మొహం మీద పోసిన ప్లాస్టర్ నాకు తల్లి కడుపు. అందులోనుంచి విన్నాను.

ముందు ఆమె మొహానికి కొబ్బరినూనె రాశాడు. కనుబొమ్మలకు సబ్బు మెత్తాడు. ఊపిరికోసం ముక్కులో రెండు బొప్పాయి కాడలు పెట్టాడు. తర్వాత చల్లటి ప్లాస్టర్ పొరలు పొరలుగా పరిచాడు. ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది. ఆ వేడిలో ఆమె కళ్లు మూసుకుని, నోరు మూసుకుని, బొప్పాయి కాడల్లోంచి ఊపిరి తీస్తూ పడుకుంది. జవాబు చెప్పలేని స్థితి.

లింగాచారి మితభాషి. ఇంట్లో ఆయన రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. ఆమె జవాబు చెప్పలేదని తెలిసేసరికి ఆయనకు మాట వచ్చింది.

"మాణిక్యం, నీకు అబద్ధం చెప్పా. దేవత కాదు. పాముల జుట్టు రాక్షసి. ఆ నటి ఒప్పుకోలా. ఇంకెవర్నడగాలో తెలియక నిన్ను పడుకోబెట్టా. రేపు ఊళ్లో జనమంతా నీ మొహం చూసి దడుచుకుంటారు."

అప్పుడు ఆమె కదిలింది. భుజాలు అదిరాయి. బొప్పాయి కాడల్లోంచి ఊపిరి బుస్సుబుస్సుమని వచ్చింది. పెదవి పక్కకు లాగింది. సగం గట్టిపడిన ప్లాస్టర్ ఎడమవైపు మూతి మూల పుటుక్కున పగిలింది.

"కదలొద్దు!" అని అరిచి లింగాచారి అరచేత్తో గట్టిగా అదిమి పట్టాడు.

ముక్కుతో వచ్చే ఊపిరి ఏడుపుకైనా నవ్వుకైనా ఒకటే. నాకు తేడా తెలియలేదు. అచ్చు తీసేసరికి ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయట, కాటుక చెదిరిందట, చెంపలు తడిగా ఉన్నాయట. ప్లాస్టర్ వేడికి ఎవరి కళ్లైనా ఎర్రబడతాయి. ఆమె లేచి కుళాయి దగ్గరికి పరిగెత్తింది. చాలాసేపు మొహం కడుక్కుంది. తిరిగి వచ్చి ఒక్క మాట అంది.

"పప్పు మాడింది. పూచీ నీదే."

అంతే. లింగాచారి అడగలేదు. ఆమె చెప్పలేదు. ఏడిపించాననే ఆయన నిశ్చయించుకున్నాడు. ఆ ఒక్క అనుమానాన్ని మనిషి యాభై ఏళ్లు మోశాడు. జవాబు నా మూతి మూల ఉంది. నా మూతి వంకరని నాకు తెలుసు. వంకర ఎటో నాకు తెలియదు. నా ముందు ఎవరూ అద్దం పట్టలేదు.

అద్దం సంగతి కూడా చెప్పాలి. విగ్రహం చెక్కేవాళ్లు కళ్లు చివరన తెరుస్తారు. ఆ వేళ విగ్రహం ఎదుట అద్దం పడతారు. తొలిచూపు మనిషి మీద పడకూడదు, తన మీదే పడాలి. లింగాచారి తండ్రి అలా చేశాడు, తాత అలా చేశాడు. నన్ను పోసి, జనపనార కలిపి గట్టిపరిచాక శేషగిరిరావు వచ్చి కళ్లు తెరవమన్నాడు.

"మొండెం లేనిదానికి కళ్లు తెరవం" అన్నాడు లింగాచారి.

"సినిమా తలకి శాస్త్రమేమిటయ్యా!"

"సినిమా మీది. చెయ్యి నాది."

చివరికి రెప్పల మీద లప్పం పెట్టి రంగు గుడ్లు వేశాడు. మూతి మూల పగులు కనిపించకుండా అక్కడ ఒక కోర అతికించాడు. అన్నీ పరాకుగా, మొహం సరిగా చూడకుండా చేశాడు. చేతులు తొందరపడడం నాకు తెలిసింది. సిగ్గుపడుతున్నవాడి చేతులు అలాగే ఉంటాయి. సైకిల్ ట్యూబులు కోసి, రంపపు పొట్టు కూరి పాములు చేశాడు. ఒక్కో పాముకు చేపలు పట్టే దారం కట్టాడు.

షూటింగులో ఏడుగురు మనుషులు నా కింద పడుకుని ఆ దారాలు లాగారు. ఒక్కొక్కరికి మూడు పాములు. వాళ్లలో సుబ్బయ్య అనేవాడు ముఖ్యమైన షాట్‌లో నిద్రపోయాడు. వాడి మూడు పాములు వేలాడుతూ ఉండిపోయాయి. ఒక పత్రికాయన దాని గురించి రాశాడట. 'సర్పకేశిలో పాపం సగం చచ్చిపోయిందని ఆ మూడు సర్పాలు సూచిస్తున్నాయి' అని. సుబ్బయ్యకు ఆ ముక్క చదివి వినిపిస్తే రెండు రోజులు తలెత్తుకుని తిరిగాడు.

సినిమాలో హీరో నావైపు నేరుగా చూడకుండా, అద్దంలాంటి డాలులో నా నీడ చూస్తూ వచ్చి తల నరికాడు. అది విని నేను లోపల ఆశ్చర్యపోయాను. ఎక్కడి గ్రీకు దేశం, ఎక్కడి దుర్గి! తొలిచూపు అద్దం మీద పడాలన్న సంగతి రెండు చోట్లా తెలుసు.

సినిమా ఆడింది. మాణిక్యాంబ చూడలేదు. "ఆ సినిమా వచ్చిందంట గదా, బావా?" అని రెండుసార్లు అడిగిందట. "బాగోలేదు" అన్నాడట ఈయన రెండుసార్లూ. షూటింగ్ అయ్యాక తల తనకివ్వమని లింగాచారి ముందే అడిగాడు. "ఇస్తాలేవయ్యా" అన్నాడు శేషగిరిరావు. ఇవ్వలేదు.

నాలుగేళ్లకు మాణిక్యాంబ కామెర్లతో ఎనిమిది రోజుల్లో పోయింది. ఆమె ఫోటో ఒకే ఒక్కటి ఉంది, ఎవరి పెళ్లిలోనో గుంపుగా తీసింది. అది తీస్తున్న క్షణంలో ఆమె ఎవరో పిలిస్తే పక్కకు తిరిగింది. అందులో ఉన్నది జడ, ఒక చెవి. మొహం లేదు. లోకంలో మాణిక్యాంబ మొహం మిగిలింది నా మీదే, రంగు కింద.

పదో రోజు తర్వాత లింగాచారి స్టూడియో గిడ్డంగి దగ్గరికి వచ్చాడు. తలుపు అవతల ఆయన గొంతు విన్నాను.

"సర్పకేశి తల ఉంది గదా లోపల. ఒక్కసారి చూపించు."

"ఉత్తరం తెచ్చావా?" అన్నాడు కాపలావాడు.

"ఏం ఉత్తరం?"

"కంపెనీవాళ్లది. ఉత్తరం లేందే తలుపు తియ్యను. నా ఉద్యోగం పోద్ది."

లింగాచారి కొంతసేపు నిలబడ్డాడు. చెప్పుల చప్పుడు దూరమైంది. ఆ నెలలోనే మద్రాసు వదిలి దుర్గి వెళ్లిపోయాడు. శేషగిరిరావు తర్వాత రెండుసార్లు కబురంపినా రాలేదు. శేషగిరిరావు చనిపోయిన రోజున కూడా రాలేదు.

సినిమావాళ్లు హైదరాబాదు తరలినప్పుడు నేనూ లారీలో వచ్చాను, ఒక గడ్డిపులికీ, కాలు విరిగిన సింహాసనానికీ మధ్య. ఇక్కడి గిడ్డంగి చూసుకునేవాడు కొత్త ఇల్లు కట్టుకుంటూ నన్ను తీసుకెళ్లి దిష్టి తగలకుండా ముందు గోడకు తగిలించాడు. రెండు వానాకాలాలు అక్కడ వేలాడాను. పాముల మధ్య కాకి గూడు పెట్టింది. ఆ ఇంటికి దిష్టి తగల్లేదు గానీ, పునాది కుంగింది. దిష్టి నా పని, పునాది నా పని కాదు. అయినా నన్నే తిట్టి మళ్లీ గిడ్డంగిలో పడేశారు. ఆ తర్వాత ముప్పై ఏళ్లు ఎలుకలతో కాపురం.

ఒకనాడు తలుపు తెరుచుకుంది. ఒక ఆడగొంతు. "దొరికింది! ఇదే, ఇదే! తాతయ్య సర్పకేశి!"

ఆమె శేషగిరిరావు మనవరాలు చంద్రిక. దర్శకురాలు. తాత సినిమాను మళ్లీ తీస్తోంది. ఈసారి రెక్కల గుర్రం, సముద్రభూతం అన్నీ కంప్యూటర్లో చేస్తారట. పాముల కింద ఎవరూ పడుకోనక్కర్లేదు, ఎవరూ నిద్రపోనక్కర్లేదు. మరి నేనెందుకు? నన్ను పగలగొట్టడానికి. కొత్త కథలో హీరో నా తల నరికాక, ఇంత శక్తి ఏ మనిషి చేతిలోనూ ఉండకూడదని గదతో కొట్టి ముక్కలు చేస్తాడు. పాత సినిమాలోని అసలు తలను కొత్త హీరో నిజంగా పగలగొట్టాడని చెబితే జనం ఎగబడి చూస్తారని ఆమె ఆలోచన.

కానీ జనపనార వేసి పోసిన తల ఓ పట్టాన పగలదు. హీరో ఒక్క పూట ఇచ్చాడు. పగిలితే ఒక్క దెబ్బకు పగలాలి. లోపల ఎక్కడ ఎంత నార ఉందో తెలిసినవాడు ఒక్కడే. ఫోన్‌లో చంద్రిక గొంతు విన్నాను. "చారిగారూ, మా తాతయ్య సర్పకేశి తలను పగలగొట్టాలండీ. మీరు రావాలి." తర్వాత ఆమె సంతోషంగా అంది, "పగలగొట్టడానికైతే వస్తానన్నారు!"

షూటింగ్ రోజు పొద్దున ఫయాజ్ అనే కంప్యూటర్ పనివాడు నన్ను పీట మీద పెట్టి, చుట్టూ ఏదో లైటు తిప్పుతూ కొలతలు తీసుకున్నాడు. పని ముగించేసరికి తలుపు దగ్గర చెప్పుల చప్పుడు. ఆ నడక గుర్తుపట్టాను. మెల్లబడింది, అంతే.

లింగాచారి నన్ను రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. బొటనవేలు నా గడ్డం కింద ఆగింది.

"తేలికైంది" అన్నాడు.

"పాములు ఎలుకలు తిన్నాయి, తాతా" అన్నాడు ఫయాజ్. "మీరే చేశారంట గదా. ఇప్పుడు మీరే పగలగొడుతున్నారు. బాధగా లేదా?"

"పగలగొట్టేది హీరో. నేను గీతలు పెడతా. గీత వెంబడి పగులుద్ది." సంచిలోంచి ఉలి, చిన్న సుత్తి తీసిన చప్పుడు. "ఇది ఎవరి మొహమో తెలుసా? మా ఇంటిదానిది."

లింగాచారి చెప్పాడు. బియ్యం చేట, దేవత అబద్ధం, బొప్పాయి కాడలు అన్నీ. మాట్లాడడం మర్చిపోయిన మనిషి చెప్పినట్టు, ముక్కలు ముక్కలుగా. దుర్గి వెళ్లాక నందులు చెక్కానని, నాగప్రతిమలు చెక్కానని, ఆడమొహం మాత్రం ఒక్కటీ చెక్కలేదని చెప్పాడు.

"ఏడిపించి తీసిన అచ్చు ఇది. ఇన్నాళ్లు ఉండడమే తప్పు. నేను బతికుండగా పగిలిపోతే హాయి."

"ఏడ్చానని ఆమె చెప్పిందా?"

"చెప్పలా."

"మీరు అడిగారా?"

"అడగలా."

"మరేమంది, తాతా?"

"పప్పు మాడింది, పూచీ నీదే అంది."

"అది కోపమా, తాతా? మా ఇంట్లో అలా అంటే నేను నవ్వుతా."

"నీకు తెలవదులే. పని చేసుకోనీ."

నాకు భయం వేసింది. పగిలిపోతానని కాదు. ప్లాస్టర్‌కు చావేమిటి? జవాబు నాతోపాటు ముక్కలవుతుందని. చెప్పడానికి నాకు నోరుంది, మాట లేదు.

పగులుకు గీత ఎక్కడ మొదలుపెట్టాలి? ముందే పగిలిన చోట. శిల్పికి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఆయన ఉలి నా ఎడమ మూతి మూలకు వచ్చింది. కోర మీద సుత్తితో ఒక్క దెబ్బ. కోర ఊడి నేల మీద పడి దొర్లింది.

ఆ తర్వాత సుత్తి దెబ్బ పడలేదు.

ఆయన వేలు మూతి మూలను తాకింది. ఒకసారి, మళ్లీ ఒకసారి. తడుముతున్న వేలు పెదవి వెంబడి పైకి పోయింది.

"అబ్బాయ్, ఆ లైటు ఇటు పట్టు."

ఉలి అంచుతో చెంప మీద రంగు గీకాడు. పెళ్లలు పెళ్లలుగా రాలింది. కళ్లకు వచ్చాడు. లప్పం గుడ్ల కింద ఉలి దూర్చి మెల్లగా లేపాడు. మొదటి గుడ్డు ఊడింది. రెండోది ఊడింది. యాభై ఏళ్ల తర్వాత నా రెప్పలకు గాలి తగిలింది. ఆయన గొంతు వినిపించింది. ఫయాజ్‌తో కాదు, ఎవరితోనూ కాదు. పని నేర్పేటప్పుడు తండ్రి చెప్పిన పాఠాన్ని ఒప్పజెబుతున్నట్టు.

"ఏడిస్తే మూతి మూల కిందికి దిగుద్ది. గడ్డం ముడతలు పడుద్ది. గడ్డం నున్నగా ఉంది. మూల పైకి పోయింది. చెంప లేచింది. చెంప లేస్తే కంటికింద మడత పడుద్ది. ఇదుగో మడత. రెండు కళ్లకీ ఉంది. ఒక్క కంటికి ఉంటే ఎండకు ముడిచిందనుకోవచ్చు. రెండింటికీ ఉంది..."

ఆగాడు.

"నవ్వింది" అన్నాడు.

మళ్లీ అన్నాడు. "నవ్విందిరా, దొంగమొహంది! రాక్షసినన్నందుకు నవ్వింది. ఊపిరాడక, నవ్వు ఆపుకోలేక అదిరింది. నేను అరిచి మూతి మీద చెయ్యేసి నొక్కా."

వేరే ఎవరు చెప్పినా ఆయన నమ్మేవాడు కాదు. మనుషుల మాటల మీద ఆయనకు గురి లేదు. గడ్డం మీద ముడత లేదని వేలు చెప్పింది, నమ్మాడు. ఆ తర్వాత ఆయన గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది. తుప్పుపట్టిన బోరింగు కొడితే మొదట్లో వచ్చేలాంటిది. అది నవ్వని నాకు కాసేపటికి అర్థమైంది. ఫయాజ్ నీళ్ల సీసా అందించాడు. ఆయన తాగాడు. కొన్ని నీళ్లు నా నుదుటిమీద పడ్డాయి. అన్నీ సీసాలోవి కావు.

చంద్రిక వచ్చింది. "అయిందా, చారిగారూ? హీరోగారు మేకప్ వేసుకుంటున్నారు."

"పగలకూడదు."

"అదేంటండీ?"

"ఇది పగలకూడదు. వేరేది చేసిస్తా, నాలుగు రోజులు ఆగు."

"నాలుగు రోజులా? ఆయన మళ్లీ ఆరు నెలలదాకా దొరకరండీ! సెట్టు వేశాం, కెమెరాలు తెచ్చాం. ఇవాళ ఈ షాట్ తీయకపోతే నా సినిమా ఆగిపోతుంది. పగలగొడతానంటేనే కదా మిమ్మల్ని పిలిచింది?"

ఆమె తప్పు లేదు. లింగాచారి చేతులు నన్ను వదల్లేదు.

"నీ కథ చెప్పమ్మా" అన్నాడు.

"ఇప్పుడు కథేంటండీ?"

"చెప్పు. హీరో తల నరికాడు. ఆ తర్వాత?"

"ఇంత శక్తి వద్దని తలను పగలగొడతాడు. అది తెలిసి సముద్రభూతం పైకి లేస్తుంది. రాకుమారిని గొలుసులతో బండకు కడతారు. రెక్కల గుర్రం మీద హీరో వస్తాడు. పెద్ద యుద్ధం. చివర్లో భూతం రాయి అయిపోతుంది."

"ఎట్ట అయిద్ది?"

"ఎట్టా ఏముంది, తల చూపిస్తాడుగా."

"ఏ తల?"

పైన ఫ్యాను తిరుగుతున్న చప్పుడు ఒక్కటే. ఫయాజ్ దగ్గాడు. అది దగ్గు కాదు.

"ఏ తలమ్మా? రెండు సీన్ల ముందే నీ హీరో దాన్ని ముక్కలు చేశాడుగా."

చంద్రిక పక్కనున్న చెక్కపెట్టె మీద కూలబడింది. "ఐదుగురు రచయితలం" అంది. "ఎనిమిది నెలలు కూర్చున్నాం. గోవా వెళ్లి కూర్చున్నాం. ఎవరికీ తట్టలేదు. తల పగలగొట్టే సీను బాగుందని అందరం చప్పట్లు కొట్టాం."

"మీ తాతకి తట్టింది. అందుకే పగలగొట్టలా."

"దేవుడా! తీసేశాక తెలిసుంటే? విడుదలయ్యాక జనం అడిగుంటే?" ఆమె లేచింది, మళ్లీ కూర్చుంది, పకపకా నవ్వింది. పీక మీది కత్తి పక్కకు జరిగినవాళ్ల నవ్వు అది. తలుపు దగ్గరికి వెళ్లి అరిచింది. "గద పక్కన పెట్టండి! పగలగొట్టడం లేదు. హీరోగారితో గుర్రం షాట్లు తీద్దాం!"

తిరిగివచ్చి నా ముందు వంగింది. ఆమె ఊపిరి నా చెంపకు తగిలింది.

"ఇదేంటి, కళ్లు మూసుకుని నవ్వుతోంది! ఇలా ఉంటేనే ఎక్కువ భయమేస్తోంది, చారిగారూ."

"నాకూ ఇంట్లో అట్టాగే ఉండేది" అన్నాడు లింగాచారి.

ఫయాజ్ మళ్లీ లైటు తిప్పి కొత్తగా కొలతలు తీసుకున్నాడు. కొత్త సినిమాలో సర్పకేశి నిద్రలో నవ్వుతూ ఉంటుందట. కళ్లు తెరవడం చివర్లో, కంప్యూటర్లో. "మీ మిషన్లో తెరుచుకోండి. దీనివి మాత్రం ముట్టొద్దు" అని లింగాచారి షరతు పెట్టాడు.

"తల మీరు తీసుకెళ్లండి" అంది చంద్రిక. "తాతయ్య ఇస్తానని ఇవ్వలేదట కదా. నేనిస్తున్నాను. ఇక ఆయన్ని క్షమించేయండి."

"ఇచ్చింది తీసుకుంటా. క్షమించడం వేరే సంగతి."

పటకారుతో తొమ్మిది పాములనూ ఒక్కొక్కటిగా పీకి ఆమె చేతికిచ్చాడు. "పాములు మీవి. మొహం మాది."

ఇప్పుడు నేను మాచర్ల బస్సులో ఉన్నాను, కండువాలో చుట్టి, ఆయన ఒళ్లో. కిటికీలోంచి గాలి కొడుతోంది. సాగర్ డ్యాము దాటుతున్నామని ఎవరో అంటే విన్నాను. ఇంతకుముందే కండక్టరమ్మ వచ్చింది.

"ఒళ్లో ఏంది, తాతా?"

"మా ఇంటిది." కండువా కొంచెం తీసి చూపించాడు.

"అయ్యో, నిద్రపోతన్నట్టే ఉంది! ఏందో కల కంటన్నట్టుంది, నవ్వుతా." ఆమె గొంతు తగ్గించింది. "ఆడోళ్లకి టికెట్టు లేదులే. ఆధార్ ఉందా మరి?"

"లేదు. ఈమె పొయ్యేనాటికి అవి పుట్టలా."

"అయితే ఒళ్లోనే పెట్టుకో. సీట్లో పెడితే టికెట్టు కొట్టాల్సొస్తది."

ఆమె నవ్వుతూ ముందుకెళ్లింది. లింగాచారి కండువా సర్దాడు. ఊపిరాడదేమోనన్నట్టు నా ముక్కు దగ్గర గుడ్డ పక్కకు తప్పించాడు. తర్వాత మెల్లగా మాట్లాడడం మొదలుపెట్టాడు, నేను జవాబు చెప్పలేనని తెలిసి. సుబ్బయ్య నిద్ర గురించి, పత్రికాయన రాసిన ముక్క గురించి, గోవా వెళ్లి కూర్చున్న ఐదుగురు రచయితల గురించి. "ఆ సినిమా బాగానే ఉండేది, మాణిక్యం. నీకు అబద్ధం చెప్పా" అన్నాడు. ఆగి, వంగి, నా మూతి మూల చూసుకున్నాడు కాబోలు. అది పైకే ఉంది.

"పప్పు పూచీ నాదే" అన్నాడు.